తడిక అవతలి గొంతు

6 ఆగస్టు 1998, గురువారం

గుడివాడ ట్రస్టువాళ్ళు నాకు కొత్తగా పల్లెపాలెం అప్పగించారు. ప్రతి గురువారం బందరు నుంచి సైకిల్ మీద వెళ్ళి ముసలివాళ్ళు తిన్నారా, టాబ్లెట్లు మింగారా, ఒంట్లో ఎలా ఉంది అని చూసి రావాలి. అంతే డ్యూటీ. పరిశుద్ధ గ్రంథం చంకలో ఉన్న బోధకుడు అంతటితో ఊరుకుంటాడా?

మొదటి ఇంట్లోనే యుద్ధం. పెద్దింట్లమ్మ, కనకరత్నం. తోడికోడళ్ళు. ఇద్దరి మొగుళ్ళూ పోయారు. ఒకే తాటాకిల్లు, నడుమ తడిక, అటొక పొయ్యి ఇటొక పొయ్యి. ఎప్పుడో ఎండుచేపల బుట్ట దగ్గర మాటా మాటా వచ్చిందట, ఆ రోజు కట్టిన తడిక. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నాకు బీపీ దాని నోటివల్లే వచ్చిందని చెప్పండయ్యగారూ అంటుంది కనకరత్నం. ఆ బిళ్ళలేవో ఇటివ్వండి, పొగరు తగ్గడానికి దాని కూట్లో కలుపుతా అంటుంది ఇవతల పెద్దింట్లమ్మ. ఆవిడ కళ్ళకి పొరలు కమ్మాయి గానీ నోటికి ఏ రోగమూ లేదు.

గట్టిగా ప్రార్థన చేశాను. మీ దేవుడికి చెవుడా బాబూ అని అడిగింది పెద్దింట్లమ్మ. తడిక అవతల కనకరత్నం కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

13 ఆగస్టు

పక్కింటి అప్పయ్య చెప్పాడు. రోజూ కోడి కూయగానే పెద్దింట్లమ్మ, ఒసే, చచ్చావా అని కేకేస్తుందట. నీ పాడె మీద పూలు చల్లందే చావనే అని అటునుంచి జవాబట. ఆ తర్వాతే రెండు పొయ్యిలూ వెలుగుతాయట. పాలేనికి అదే అలారం అని నవ్వుతున్నాడు.

నవ్వే సంగతా? లేవగానే దేవుడి పేరుకు బదులు చావు మాట! నాలుక ఎంత అడవిని తగలబెడుతుందో వాక్యం ఊరికే చెప్పిందా?

14 ఆగస్టు

నిద్ర లేదు. ఆ తడిక పీకి పారేయాలి.

20 ఆగస్టు

ఈరోజు దేవుడు నన్ను వాడుకున్నాడు.

గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. క్షమాపణ గురించి, నరకం గురించి. కనకరత్నం ఏడ్చింది. పెద్దింట్లమ్మ ఏడవలేదు, సరే కానివ్వండి అంది. కత్తి ఇమ్మంటే అప్పయ్య నసిగాడు. వాళ్ళ గోల వాళ్ళకుంది, వదిలేయండి అయ్యగారూ అన్నాడు. నేనే లాక్కుని తాళ్ళు కోసి తడిక పడేశాను.

గ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యమన్నాను. మాకు పుస్తకాలు తెలీవు, గంగమ్మ మీద ఒట్టేస్తాం అన్నారు. ఆ ఒట్టు తప్పితే వేటకెళ్ళిన పడవ తిరిగి రాదని పాలెమంతా నమ్మకం. మూఢనమ్మకమే. అయినా పనికొస్తుందని ఊరుకున్నాను. ఒకరినొకరు చెడ్డమాట అనబోమనీ, చావు మాట ఎత్తబోమనీ ఒట్టేశారు. ఇద్దరి చేతులూ కలిపి ఫొటో తీయించాను.

27 ఆగస్టు

ప్రశాంతంగా ఉన్నారు. చెరో గోడవైపు తిరిగి, ఎవరింటికో చుట్టపు చూపుగా వచ్చినట్టు కూర్చున్నారు. అక్క బాగానే చూస్తోంది అని కనకరత్నం అంది. అంతకు మించి మాటల్లేవు. ఇప్పుడు పాలెం ఆలస్యంగా లేస్తోంది అన్నాడు అప్పయ్య. పట్టించుకోలేదు.

3 సెప్టెంబరు

విజిట్‌కి వెళ్ళలేదు. గుడివాడ మీటింగులో సాక్ష్యం చెప్పాను. ఫొటో అందరి చేతులూ తిరిగింది. ట్రస్టు సెక్రటరీ రాజారత్నంగారు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

10 సెప్టెంబరు, రాత్రి

వానలో తడుస్తూ వెళ్ళేసరికి పొద్దున పదయింది. పెద్దింట్లమ్మ ఆరిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఇంకా లేవలేదు బాబూ, పడుకోనీ అంది. వెళ్ళి చూశాను. కనకరత్నం మూతి ఒక పక్కకి లాగేసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయి.

ఆటోలో బందరు ఆసుపత్రికి తెచ్చాం. ఎప్పుడు చూశారు అని డాక్టరు అడిగాడు. పక్షవాతం తెల్లవారుజామునే వచ్చుంటుంది, అప్పుడే తెచ్చుంటే బాగుండేదన్నాడు.

వరండాలో పెద్దింట్లమ్మ చెప్పింది. కోడి కూసే వేళ మూలుగులాంటిది వినబడిందట. మాట నాలుక చివరిదాకా వచ్చిందట. అప్పయ్య పడవ సముద్రం మీద ఉంది. ఒట్టు గుర్తొచ్చి నాలుక కరుచుకుందట.

పేరు పెట్టి పిలవలేకపోయావా, దగ్గరికెళ్ళి తట్టలేకపోయావా అన్నాను. అరిచాను. చుట్టూ రోగులు చూశారు.

ఆవిడ గొంతు పెంచలేదు. దాన్ని ఇంకోలా పిలవడం నాకు తెలీదు బాబూ అంది. మొహం చూసే అలవాటు ఎప్పుడో పోయింది, గొంతు వినే అలవాటే ఉంది, అది మీరు తీసేశారు అంది.

11 సెప్టెంబరు

తెల్లారకముందే పోయింది. పాడె మీద పూలు పెద్దింట్లమ్మే చల్లింది.

13 సెప్టెంబరు, ఆదివారం

బోధించడానికి నిలబడ్డాను. గ్రంథం తెరిచాను. ఏ పేజీ తిప్పినా మాట రాలేదు. దగ్గు వచ్చినట్టు నటించి కూర్చున్నాను.

17 సెప్టెంబరు

పెద్దింట్లమ్మ తినడం లేదు. టాబ్లెట్లు ఎక్కడివక్కడే. పొయ్యిలో బూడిద కూడా తీయలేదు. కోపమా మామ్మా అంటే లేదంది. ఏం కావాలి అని అడిగాను. వచ్చిన ఇన్నాళ్ళలో నేను ఆ మాట అడగడం ఇదే మొదలు.

తడిక కట్టమంది.

అప్పయ్యా నేనూ కట్టాం. ఒట్టు సంగతి అని నేను నసిగాను. నా పడవ సంగతి నేను చూసుకుంటా, నువ్వు కేకెయ్యి మామ్మా అన్నాడు అప్పయ్య. ఎవరిని కేకెయ్యనురా అందావిడ.

24 సెప్టెంబరు, తెల్లవారుజాము

రాత్రి అప్పయ్య అరుగు మీద పడుకున్నాను. కోడి కూయకముందే లేచి, చప్పుడు చేయకుండా తడిక అవతల కనకరత్నం చాప మీద కూర్చున్నాను. గ్రంథం తేలేదు.

కోడి కూసింది. తర్వాత అరిగిపోయిన గొంతు.

ఒసే, చచ్చావా?

నీ పాడె మీద పూలు చల్లందే చావనే అన్నాను.

తడికకి అటువైపు బూడిద తీస్తున్న చప్పుడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు.