కిటికీ దుప్పటి విప్పాక

బావా,

నువ్వు మంచిర్యాల నుంచి తెచ్చి పడకగదిలోని చేపల తొట్టిలో నాటిన కలువ గడ్డ మొలిచింది. ఇవాళ పొద్దున మొదటి ఆకు నీళ్ళ మీదికొచ్చి పరుచుకుంది. రాగి రంగులో, అరచేతిలో సగమంత ఉంది. చేపలన్నీ దాని నీడకు చేరాయి.

బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు చేసి వచ్చి, చాయ్ గ్లాసుతో తొట్టి ముందే కూర్చునేవాడివి. గడ్డ కుళ్ళిందేమో, తీసి పారేద్దామంటే, "ఫికర్ చెయ్యకు, ఇయ్యాల కాకపోతే రేపు లేస్తది" అనేవాడివి. తర్వాత కిటికీకి మందపాటి దుప్పటి కట్టుకుని పడుకునేవాడివి. నీ నిద్ర చెడుతుందని సాయంత్రం దాకా నేను దాన్ని కదిలించేదాన్ని కాదు.

నీ దినాలకు ఇల్లు కడుగుతూ ఆ దుప్పటి విప్పాం. పగలు పడుకునేవాళ్ళు లేరు కదా, మళ్ళీ కట్టలేదు.

పక్క క్వార్టర్ రాజక్క ఆకు చూసి, "ఎల్తురు తాకింది గదనే, గందుకే లేచింది. ఇన్నొద్దులు చీకట్ల పెట్టిన్రు" అన్నది.

తొట్టిని వసారాలోకి జరిపి ఉంటే నీ కళ్ళముందే మొలిచేది. అంత చిన్న సంగతి మనిద్దరికీ తట్టలేదు.

రాజక్క వెళ్ళాక పెట్టెలోంచి దుప్పటి తీసి కిటికీకి కట్టాను. గది మునుపటిలా చీకటైంది. గిన్నెలు చప్పుడు కాకుండా కడుక్కున్నాను.

సాయంత్రం నువ్వు లేచే వేళకు విప్పేశాను.