మా కొట్టాల ఎత్తు

రేగడికొట్టాల,
18 నవంబరు 2024,
సోమవారం.

ప్రసూన అక్కకు,

వేముల ఆడబిడ్డ, రేగడికొట్టాల కోడలు గౌరి నమస్కారాలు. పులివెందులలో మీరు, మీ అమ్మానాన్నలు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. మేమిక్కడ క్షేమం అని రాయడం పద్ధతి. ఆ మాట దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చేయి రాలేదు. వదిలేసి ముందుకు పోతున్నాను.

నేను గుర్తున్నానో లేదో. పోయినేడు ఎండాకాలం మీరు నేల ఎత్తు కొలిచే మూడుకాళ్ల మిషన్ తీసుకుని మా కొట్టాలకు వచ్చినప్పుడు, తలుపు చాటు నుంచి మజ్జిగ చెంబు చాచిన దాన్ని. ఏ ఊరి పిల్లవని అడిగారు. వేముల అన్నాను. అట్లయితే మన పక్క పాపవే, బయటికి రా, నేనేమన్నా పులినా అని నవ్వారు. మధ్యాహ్నం మా ఇంట్లోనే జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి తిన్నారు. మేడమ్ అంటే ఒప్పుకోలేదు, అక్కా అని పిలిపించుకున్నారు. పోయేటప్పుడు ఇంటి చిరునామా రాసిచ్చారు. మీ ఫోను ఇప్పుడు కలవడం లేదు, అందుకే ఈ ఉత్తరం. ఏడో తరగతితో బడి మానిన దాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

దసరా వెళ్లాక కింద కొత్త కట్టకు గేట్లు దించారు. వంక నీళ్లు వెనక్కి తన్నాయి. ముందు శ్మశానం దారి మునిగింది. తర్వాత చీనీ తోటలు. కాయలు చెట్టు మీదే ఉన్నాయి, అక్కా. నీళ్లలోకి వంగి పచ్చగా కనిపిస్తున్నాయి, కోసేదానికి దారి లేదు. ఆ తర్వాత ఇళ్లు. మా కొట్టాలలో ఉన్నవి ఏడు ఇళ్లు. ఆరు నీళ్లలో ఉన్నాయి. మా ఇల్లొక్కటే మిగిలింది. మీరు మిషన్ నిలబెట్టారే, మా వాకిట్లో కొలతల రాయి చుట్టూ బండలు, ఆ బండల అంచు దాకా వచ్చి నీళ్లు ఆగిపోయాయి.

ఇష్రత్ మీకు గుర్తుంటుంది. ఎండకు మీ మిషన్ కాలిపోతుందని దానికి గొడుగు పట్టింది, మీకు పట్టలేదని మీరు ఆటపట్టించారు. మా పక్కిల్లు. నాకు ఈ ఊళ్లో నోరు తెరిచి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. వాళ్లవి మట్టిగోడలు. నానినానీ ఒక తెల్లవారుజామున గోడ కూర్చుండిపోయింది. ఆమె భర్త వలి బాషా తలుపు రెక్కలు ఊడబీకి, వాటి మీదే సామాను తేలేసి తోసుకుపోయాడు. ఇప్పుడు పక్క ఊరి బడి వరండాలో ఉన్నారు. నేను చూడబోతే, మ్మే గౌరీ, మీ రాయి మీ ఇల్లొకటే కాపాడిందే, మేము దండం పెట్టలేదని అలిగిందేమో అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను నెలనెలా బయట కూర్చునే రోజుల్లో ఆ రాయి చుట్టూ ఊడ్చి నీళ్లు చల్లిందే ఆమె.

పోయిన వారం ఆరిళ్ల వాళ్లతో మేమూ జమ్మలమడుగులో ఆఫీసుకు పోయాం. మునక జాబితాలో పేరెక్కితే వేరే చోట స్థలం ఇస్తారు, ఇల్లు కట్టిస్తారు. ఎక్కకపోతే ఏమీ లేదు. అక్కడి సారు కంప్యూటరులో పటం మా వైపు తిప్పి, గీత కింద ఉండేది మునక, మీరు గీత పైన ఉండారు, మీ ఊరికి నీళ్లు రావు అన్నాడు. వలి బాషా లుంగీ తడి పిండి చూపించి, సార్, గీత పైన ఉండేటోళ్లం నడుముల్లోతు నీళ్లలో ఎట్లా నడిచొచ్చినాము, మీరే చెప్పండి అన్నాడు. అది వాననీళ్లు నిలిచింటాయి అన్నాడు సారు. ఏం వాన సార్, మోడం పట్టి ఎన్నాళ్లయిందో అని మా ఆయన నాగేంద్ర అడిగాడు. అప్పుడు సారు మీ రిపోర్టు తీశాడు, అక్కా. ఆకాశం నుంచి తీసిన ఎత్తుల పటాన్ని మీ ఊరి నేల మీదనే మిషన్ పెట్టి సరిచూసినారు, రెండూ సరిపోయినాయి అన్నాడు. నమ్మకం లేకుంటే చూడండని ఫోటో చూపించాడు. ఎవరో పుట్టి పడవలో వచ్చి మా వాకిలి ఫోటో తీసుకుపోయారంట. చుట్టూ నీళ్లు, మధ్యలో పొడి బండలు, పసుపు పూసిన రాయి. రాయి పొడిగా ఉంది, పటం ఇంకెంత నిజం చెప్పాలి అన్నాడు. జాబితా మూసేశామన్నాడు. ఆ ఫోటోలో ఒక మూల ఇష్రత్ వాళ్ల వేపచెట్టు కొస కనబడుతుంటే ఆమె దానివైపే చూస్తూ నిలబడింది.

రొట్టె తింటూ మీరు చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. పైనుంచి చూసే యంత్రానికి చెట్టు నెత్తీ నేలా తేడా తెలియదు, చీనీ తోటలు, చింతచెట్లు కమ్ముకున్న చోట చెట్టు ఎత్తు కూడా నేలకు కలిపేసుకుంటుంది, పల్లపు ఊరు కూడా మెరకలాగా కనబడుతుంది, అందుకే మనిషి వచ్చి నేల మీద కొలిచి చూడాలి అన్నారు. ఇన్ని చెట్లున్నాయి కాబట్టి మీ కొట్టాలలో శానా తేడా వస్తుందనుకున్నా, జానెడు కూడా రాలేదు, నాకే ఆశ్చర్యంగా ఉంది అన్నారు. మీరు సంతోషపడ్డారని మేమూ సంతోషపడ్డాం.

రాయిని ఎవరైనా జరిపారా అని కూడా మీరు అడిగారు. మా అత్త శివమ్మ పసుపు చేయి నెత్తిన పెట్టుకుని, ఒక్క వేలెడు కూడా జరపలేదు తల్లీ, బొడ్రాయిని ఎవురన్నా జరుపుతారా అంది. ఆమెకు అది మొదటి నుంచీ బొడ్రాయే. ఏ ఊరికైనా నడుమ ఒక బొడ్రాయి ఉంటుంది, మాది కొట్టాల కాబట్టి లేదు. కొలతల వాళ్లు మీకంటే ముందే వచ్చి, మిషన్ పెట్టేదానికి గురుతుగా మా వాకిట్లో గుంత తవ్వి రాయి పాతిపోయినప్పుడు, మన కొట్టాలకూ బొడ్డు పడింది అని పొంగిపోయింది. ఇప్పుడు రాయిని వదిలి రానంటోంది. మా ఆయన పుట్టి తెచ్చి ఎక్కమంటే, ఏందిరా, నీళ్లు దాని ముందర తల వంచి నిలబడినాయి, నీకు కండ్లు కనపడవా అని తిట్టింది. బియ్యం, కిరసనాయిలు మేమే మోసుకొస్తున్నాం. రాత్రయితే ఆరిళ్ల కుక్కలన్నీ మా బండల మీదే పడుకుంటున్నాయి. పెరట్లో మట్టి మెత్తబడి పాములు తిరుగుతున్నాయి.

మీరు మళ్లీ ఒక్కసారి వచ్చి కొలవగలరా? కొలిచినా జాబితా తెరవరని మా ఆయన అంటాడు. నాకూ అట్లే అనిపిస్తోంది. అయినా రాస్తున్నాను. ఇష్రత్ కుట్టుమిషన్ తుప్పు పట్టింది. దాన్ని బాగు చేయించేదానికి రేపు ఇద్దరం ప్రొద్దుటూరు పోతున్నాం. అక్కడే ఇది పోస్టు చేస్తాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ చెల్లెలు
గౌరి

తా.క.: ప్రొద్దుటూరు పోస్టాఫీసు బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పైన రాసిందంతా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఇది మీకొక్కరికే.

మా అత్త మీతో అబద్ధం చెప్పలేదు. రాయి పాతినప్పుడు మా వాకిలి పల్లంగా, పక్కిళ్ల నేలతో సమానంగా ఉండేది. ఆ ఏడు వానలకు మురికినీళ్లు రాయి మీదుగా పారాయి. ఎనుములు గిట్టలతో తొక్కాయి. అత్త చూడలేకపోయింది. ట్రాక్టర్లతో మన్ను తోలించి, వాకిలంతా ఇంటి గడపకు సమానంగా నడుమెత్తు నింపించి, కడప బండలు పరిపించింది. రాయిని పెరికి, దాని గుంతకు సరిగ్గా నెత్తినే మళ్లీ పాతించింది. మేస్త్రీ చేత గుండుదారం వేలాడదీయించి, పక్కకు వేలెడు కూడా పోకుండా దగ్గరుండి చూసుకుంది. పైకి లేపడం జరపడమే అవుతుందని మాలో ఎవరికీ తోచలేదు. మీరు వచ్చేసరికి బండలు పేడనీళ్లతో, దుమ్ముతో పాతబడి, ముందునుంచీ అట్లే ఉన్నట్టు కనిపించాయి. చెట్ల వల్ల పటం ఎంత ఎక్కువ చెప్పిందో, మా మన్ను రాయిని అంతే పైకి లేపింది, అందుకే మీకు తేడా కనబడలేదు. నీళ్లు బండల అంచున ఆగిన రోజు నాకిది తట్టింది. ఆయనకు చెబితే, బయటికి పొక్కితే ఆరిళ్ల వాళ్లు అమ్మను బతకనిస్తారా, నోరు మూసుకో అన్నాడు.

ఇష్రత్ పక్కనే కూర్చుని ఉంది. అంతసేపు ఏం రాస్తాండావే అని అడిగింది. క్షేమసమాచారం అన్నాను.

ఆఫీసుకు మీరు నిజమే రాయండి. వస్తే మాత్రం అత్తతో యంత్రందే తప్పని చెప్పండి. బండల మీద కొలవకండి, అక్కా. మెట్టు దిగి నీళ్లలో నిలబడి కొలవండి. నడుము దాకా వస్తాయి. కాళ్లకు తగిలేదే మా కొట్టాల నేల.