దేవుడు నా సబ్జెక్టు

సంఘం ప్రధాన కార్యాలయంలో విద్యావిభాగం చూసే కార్యదర్శి గారికి,

మన సంఘం బడిలో దైవపాఠం చెప్పే మాస్టారు నమస్కారాలతో రాసుకుంటున్నది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. కానీ నేను క్షేమంగా లేను.

కారణం, ఈ మధ్య వచ్చిన సైన్సు టీచరమ్మ. మనిషి మంచిదే. అదే ఇబ్బంది. చెడ్డదైతే నలుగురూ నాతో కలిసేవాళ్ళు, నేనొక్కణ్ణే ఇంత పొడుగు ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఐదో తరగతికి ఆవిడ విత్తనం మొలకెత్తే పాఠం చెప్పాలి. చెప్పేసి ఊరుకోవచ్చు కదా. ఒక్కొక్కరికీ ఒక చిక్కుడు గింజా, ఒక ఖాళీ డబ్బా ఇచ్చి, మట్టిలో పాతించి, రోజూ నీళ్ళు పోయమంది. తవ్వి మాత్రం చూడొద్దంది. కంటికి కనిపించనిదాన్ని నమ్మి పని చేస్తూ పోవడమే విశ్వాసం అని చెప్పిందట. విశ్వాసం అన్న మాట నా పుస్తకంలోది. ఏటా ఆ పాఠాన్ని పిల్లల చేత మళ్ళీ మళ్ళీ చెప్పించి, నోటికి వస్తే గానీ వదలను. ఇన్నేళ్ళలో నాకు చిక్కుడు గింజ అవసరం పడలేదు.

ఇప్పుడు పిల్లలకు దేవుడి గురించి ఏ అనుమానం వచ్చినా ఆవిడ దగ్గరికి పరిగెడుతున్నారు. నిన్న ఒకడు దేవుడికి నిద్ర వస్తుందా అని ఆవిణ్ణి అడిగి వచ్చాడు. నా గది దాటుకుని వెళ్ళి అడిగాడు. నేను గదిలోనే ఉన్నాను, తలుపు కూడా తీసే ఉంది.

లెక్కలు లెక్కల మాస్టారివి. చరిత్ర చరిత్ర టీచరుది. దేవుడు నా సబ్జెక్టు. ఎవరి హద్దులో వాళ్ళు ఉండేటట్టు తమరు ఒక మందలింపు పంపాలని మనవి.

ఇట్లు,
ఇంకా ఓపిక పడుతున్న
దైవపాఠం మాస్టారు

తా.క.: నా మనవరాలు కూడా ఆ తరగతే. దాని డబ్బా మా వంటింటి కిటికీలో ఉంది. ఎంతకీ ఏమీ రాకపోయేసరికి, ఇంట్లో పెద్దవాణ్ణి కదా అని కొంచెం మట్టి తీసి చూశాను. అది చూసి, "అమ్మా, తాతయ్యకు నమ్మకం లేదే" అని వీధిలోకి వినపడేలా చెప్పింది.

*

గౌరవనీయులైన దైవపాఠం మాస్టారు గారికి,

విద్యావిభాగం కార్యదర్శి ఎంతో సంతోషంతో తెలియజేయునది.

'చదువులో విశ్వాసం' అన్న మా సర్క్యులరుకు స్పందించి, తోటి టీచరు పాఠాన్ని గమనించి మీరు పంపిన నివేదిక అందింది. మన బడులన్నిటిలో ముందుగా చేరినది మీదే. అసలు చేరినది మీదొక్కటే. చిక్కుడు గింజ ప్రయోగాన్ని కళ్ళకు కట్టినట్టు రాశారు. ఒక సీనియరు మాస్టారు కొత్తగా వచ్చిన టీచరును ఇంతగా మెచ్చుకోవడం మేము మునుపు ఎరగం.

మందలింపు పంపమని కోరారు. నివేదిక పంపని మిగతా బడులన్నిటికీ ఘాటుగా పంపాము. మీ బడి పేరు ఉదహరించాము.

ఇదే శ్రద్ధతో ఆ టీచరుగారి తక్కిన పాఠాలు కూడా గమనించి రాయగలరు.

భవదీయుడు,
కార్యదర్శి, విద్యావిభాగం

తా.క.: మీ ఉత్తరం చదివాక ఆఫీసులో అందరం గింజలు పాతాము. మా కోశాధికారి కూడా తవ్వి చూశారు. మీరొక్కరే అని బాధపడకండి.

*

కార్యదర్శి గారి సముఖానికి,

తమరి జవాబు చేరింది. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాను.

అయ్యా, నాది నివేదిక కాదు, ఫిర్యాదు. సర్క్యులరు సంగతి నాకు తెలియదు. తమరు రాశాక వెళ్ళి చూస్తే, నోటీసు బోర్డులో దాని మీద ఆటల పోటీల కాగితం అంటించి ఉంది. నేను మెచ్చుకోలేదు. నాకు కడుపు మండి రాశాను.

ఊరికే నింద వేస్తున్నానని అనుకుంటారని, ఈసారి ఆవిడ గది కిటికీ పక్కన నిలబడి పాఠం మొదటినుంచి చివరిదాకా విన్నాను. జల్లు కొడుతున్నా కదల్లేదు. బల్ల మీద ఒక అట్ట పెట్టి, దాని మీద గుండుసూదులు పోసింది. బల్ల కింద అయస్కాంతం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. పైన సూదులు బారులు తీరి నడిచాయి. చెయ్యి కనపడకపోయినా పని కనపడుతోంది కదా అంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. నా పాఠంలో వాళ్ళు నోరు తెరిచేది ఆవలించడానికి.

అప్పుడొక గడుగ్గాయి లేచి, వంగి చూస్తే అయస్కాంతం కనపడుతుంది, మరి దేవుడు ఏ బల్ల కింద ఉన్నాడు అని అడిగాడు. దానికి ఆవిడ నవ్వేసి, "నాకూ తెలీదురా. నేనూ వంగి చూస్తూనే ఉన్నా" అంది. టీచరు అనవలసిన మాటేనా? పిల్లలకు కోపం రాకపోగా ఆవిడ మీద ఇష్టం ఇంకా పెరిగింది. ఆ ప్రశ్నకు జవాబు నా పుస్తకంలో ఉంది. నన్ను ఎవరూ అడగలేదు.

దయచేసి దీన్ని ఫిర్యాదుగానే చదవగలరు.

ఇట్లు,
తడిసిన బట్టలతో
దైవపాఠం మాస్టారు

తా.క.: బల్ల, అట్ట, అయస్కాంతం ఎలా పెట్టిందో బొమ్మ గీసి పంపుతున్నాను. ఇది ఎంత అభ్యంతరకరమో తమరికి తెలియాలనే తప్ప వేరే ఉద్దేశం లేదు. సూదులు సరిగ్గా రావడానికి రెండు కాగితాలు పాడుచేశాను.

*

మాన్యులు దైవపాఠం మాస్టారు గారికి,

కార్యదర్శి నమస్సులు.

మీ రెండో నివేదికను కమిటీలో చదివి వినిపించాను. దానికి 'ఫిర్యాదు' అని పేరు పెట్టిన మీ చమత్కారానికి అందరూ హాయిగా నవ్వుకున్నారు. వానలో నిలబడి పాఠం వినడం దగ్గర మాత్రం అధ్యక్షుల వారు కళ్ళు తుడుచుకున్నారు.

మీ రెండు ఉత్తరాలనూ, బొమ్మతో సహా, చిన్న పుస్తకంగా అచ్చువేసి అన్ని బడులకూ పంపుతున్నాము. అట్ట మీద మీ హోదా ఉంటుంది.

మరొక శుభవార్త. సైన్సులోనే విశ్వాసం ఇంత చక్కగా నేర్పవచ్చని మీరు రుజువు చేశారు గనుక, రేపు లెక్కల్లోనూ చరిత్రలోనూ నేర్పిద్దాం, ఇక దైవపాఠానికి విడిగా పీరియడు ఎందుకు అని కమిటీ ఆలోచిస్తోంది. వచ్చే విద్యాసంవత్సరం నుంచి తీసివేయవచ్చు. ఇదంతా మీ కృషి ఫలితమే.

మీ అభిమాని,
కార్యదర్శి, విద్యావిభాగం

తా.క.: అధ్యక్షుల వారు అయస్కాంతం పాఠాన్ని ఇంట్లో చేసి చూపించగా వారి శ్రీమతిగారి చేతిగడియారం ఆగిపోయింది. ఆవిడకు ఇంకా విశ్వాసం కుదరలేదు.

*

కార్యదర్శి గారికి,

నమస్కారం.

అయ్యా, ఆ పీరియడు తీసేస్తే నాకు వేరే పాఠం రాదు. లెక్కలు చెప్పలేను, సైన్సు అసలే తెలియదు. ప్రార్థనలు తెలుసు, పిల్లల చేత పలికించడం తెలుసు. అంతే. ఇంట్లో కూర్చోబెడితే మనవరాలి డబ్బాకు కాపలా కాయడం తప్ప పని ఉండదు. ఆ కాపలా కూడా నాకు ఇవ్వదు.

కొత్త పద్ధతులు నాకూ చేతనవునని చూపించడానికి మొన్న ఒక ప్రయోగం చేశాను. విశ్వాసమంటే ఏమిటో తెలియాలని నా కళ్ళకు నేనే తువ్వాలు కట్టుకుని, ఇప్పుడు నన్ను ప్రార్థన గదికి నడిపించండి, మిమ్మల్ని నమ్ముతున్నాను అన్నాను. పిల్లలు ఎంతో జాగ్రత్తగా చెయ్యి పట్టుకుని నడిపించారు. గడపలు చెప్పారు, మెట్లు చెప్పారు. ఆగమన్న చోట ఆగి, నమ్మకం గొప్పతనం గురించి వివరంగా మాట్లాడాను. తరగతి ఎన్నడూ అంత నిశ్శబ్దంగా లేదు. పాఠం కుదిరిందని పొంగిపోయాను. ఎవరో భుజం తట్టితే తువ్వాలు విప్పాను. ఎదురుగా నీళ్ళ ట్యాంకు గోడ ఉంది. భుజం తట్టింది హెడ్మాస్టరు గారు. పిల్లలు మైదానం ఆ చివర బంతాట ఆడుకుంటున్నారు.

ఇదే పని ఆవిడ చేస్తే పిల్లలు ప్రార్థన గదికే తీసుకువెళ్ళేవాళ్ళు. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. దాచడం ఎందుకు, నాకు ఆవిణ్ణి చూస్తే కుళ్ళు. ఆవిడ డబ్బాలను చూసినా కుళ్ళే. ఆవిడ తెలీదు అంటే పిల్లలు దగ్గరికి జరుగుతారు. నేను తెలుసు అంటే దూరం జరుగుతారు.

పీరియడు మాత్రం తీయకండి.

ఇట్లు,
దైవపాఠం మాస్టారు

తా.క.: నన్ను ట్యాంకు దాకా నడిపించిన పిల్లల్లో ముందున్నది మా మనవరాలే. అడిగితే, "నువ్వే కదా తాతయ్యా నమ్ముతానన్నావు" అంది.

*

గౌరవనీయులైన మాస్టారు గారికి,

కార్యదర్శి తెలియజేయునది.

మీ మూడో నివేదిక చేరింది. తరగతిని ఆరుబయటికి తీసుకువెళ్ళి, పర్యవేక్షణ లేకుండా పిల్లలను వదిలి, వాళ్ళ ఇష్టాన్ని వాళ్ళే తెలుసుకునేలా చేసిన మీ ప్రయోగం సాహసోపేతం. రెండో ముద్రణలో చేరుస్తున్నాము.

మీ బడిలోని సైన్సు టీచరుగారిని సంఘం అవసరాల దృష్ట్యా వేరే చోటికి బదిలీ చేయడమైనది. నేను కూడా ఈ నెలతో పదవీ విరమణ చేస్తున్నాను. మీ పీరియడు ఉండాలా వద్దా అన్నది నా స్థానంలో వచ్చే అధికారి నిర్ణయిస్తారు. మీ ఉత్తరాలన్నీ ఫైలులో పెట్టి వారికి అప్పగిస్తాను.

సెలవు,
కార్యదర్శి, విద్యావిభాగం

తా.క.: నా గింజ మొలిచింది. ఈ వయసులో ఇంత సంతోషం ఉంటుందనుకోలేదు. మీకు రుణపడి ఉన్నాను.

*

విద్యావిభాగం కొత్త అధికారి గారికి,

ముఖపరిచయం లేకపోయినా నమస్కారం. నేను దైవపాఠం మాస్టారిని. తమరి ముందున్న ఫైలు నాదే. తమరికి చాలా పనులు ఉంటాయి కనుక ఆ పాత ఉత్తరాలు చదివి శ్రమ పడవద్దని మనవి. ముఖ్యంగా నీళ్ళ ట్యాంకు ఉన్నది.

సైన్సు టీచరమ్మ వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. పిల్లలు గేటు దాకా వెళ్ళి ఏడ్చారు. నేను గదిలో కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకున్నాను. కోరుకున్నదే జరిగింది, సంతోషించాలి. ఆ సాయంత్రం అలవాటు చొప్పున ఆవిడ గది కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. లోపల బల్లలు తప్ప ఏమీ లేవు. చెప్పకూడదు గానీ, ఆవిడ పాఠం ఒక్కటి కూడా నేను వదల్లేదు. తమరి ఆఫీసుకు రాసినవి రెండే.

ఇప్పుడు పిల్లలు ఆవిణ్ణి తలుచుకుంటున్నారు. ఎదుట ఉన్న మనిషితో పోటీ పడవచ్చు, వెళ్ళిపోయిన మనిషితో ఎలా పడతాం.

నా పీరియడు సంగతి తేల్చండి. తీసేస్తే తీసేశామని ఒక ముక్క రాయండి. ఎదురుచూడడం నాకు చేతకాదు, అది మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇట్లు,
దైవపాఠం మాస్టారు

తా.క.: తమరికి వీలైతే ఆ టీచరమ్మ ఎక్కడుందో కనుక్కోండి. పిల్లలు అడుగుతున్నారని.

*

మాస్టారు గారికి,

నమస్కారం. విద్యావిభాగంలో ఈ కుర్చీలోకి కొత్తగా వచ్చింది నేనే, మీ సైన్సు టీచరమ్మని. మీరు నా గురించి రాసిన పుస్తకం చదివి, కమిటీ వారు ఆ పాఠాలు చెప్పిన మనిషిని ఇక్కడికి రప్పించారు. కుర్చీ చాలా పెద్దది, కాళ్ళు నేలకు ఆనడం లేదు.

చదవొద్దని మీరు రాసిన కాగితం ఫైలులో అన్నిటికన్నా అడుగున ఉంది. అది వచ్చేసరికి మిగతావన్నీ చదివేశాను. మొదట ఒళ్ళు మండింది. తర్వాత, నా పాఠాన్ని ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంకెవరూ లేరని తోచింది. బొమ్మలో సూదులు చాలా బాగా వచ్చాయి.

మీరు కుళ్ళు అని రాశారు కాబట్టి నా సంగతి కూడా చెబుతాను. మా తరగతిలో వెనకబెంచీ అమ్మాయి ఉంది కదా, వాళ్ళమ్మకు ఆపరేషను జరిగిన రోజు అది బడికి వచ్చి నోరు విప్పలేదు. అయస్కాంతం ఇచ్చాను, పక్కన పెట్టింది. మొలక చూపించాను, చూడలేదు. నీకేం కావాలమ్మా అని అడిగితే, "మళ్ళీ మాస్టారు దగ్గరికి వెళ్తా" అంది. పిల్లలు మిమ్మల్ని 'మళ్ళీ మాస్టారు' అనే పిలుస్తారు. మీకు తెలుసో లేదో.

వెనకే వచ్చి మీ తలుపు బయట నిలబడ్డాను. మీరు ఏమీ అడగలేదు. కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. అది తనకు నోటికి వచ్చిన ప్రార్థన మొదలుపెట్టింది. మీరూ అందుకున్నారు. అయిపోగానే మీరు "మళ్ళీ" అన్నారు. మళ్ళీ చెప్పింది. ఆసుపత్రి నుంచి కబురు వచ్చేదాకా ఇద్దరూ చెబుతూనే ఉన్నారు. మీరు దాన్ని ఏ ఉత్తరంలోనూ రాయలేదు. అది పాఠమని మీకు అనిపించి ఉండదు.

నేను చెప్పింది ఆ పిల్లకు అర్థమైంది మాస్టారూ. మీరు చెప్పింది ఆ పిల్ల దగ్గర ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక నాకు అన్నం సహించలేదు. అంత కుళ్ళుకున్నాను.

మీ పీరియడు ఉంటుంది. ఉత్తర్వు దీనితోనే పంపుతున్నాను. ముద్ర తలకిందులుగా పడింది, ఇంకా చెయ్యి తిరగలేదు.

ఇట్లు,
సైన్సు టీచరు
(ప్రస్తుతానికి విద్యావిభాగం అధికారి)

తా.క.: నా తరగతికి కొత్త కుర్రాడు వస్తున్నాడు. సైన్సంతా పాటలు కట్టి నేర్పుతాడట, పిల్లలు వెంటనే అల్లుకుపోతారట. కిటికీ దగ్గర నిలబడి ఒక్క పాఠం కూడా వదలకుండా రాయండి. నివేదిక వద్దు, ఫిర్యాదే పంపండి.