రెండో గొంతు

అక్టోబర్ 14, ఆదివారం

మోకాళ్ళు సలుపుతున్నాయి. మూడు గంటలు నిలబడి మా బృందగానానికి చేతులూపాను. బూర్జ్ హమ్మూద్ బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల చేత పాడించాను. ఇంత అలుపు ఎన్నడూ లేదు. పెద్దవాళ్ళు పిల్లలకన్నా మొండి.

ఈ బేరూత్‌లో నలుగురు కలిసి పాడితే నలుగురూ ఒకే రాగం పట్టుకుంటారు. కింద ఇంకో స్వరం పట్టి నిలబడమంటే, తప్పు పాడమంటున్నానని వాళ్ళ అనుమానం. రెండు లైన్లు దాటకుండానే పైరాగంలోకి జారిపోతారు. జారకుండా పట్టేది ఒక్కతే, రంద వాళ్ళ పిల్ల.

రంద డెంటిస్టు భార్య. మార్చిలో చేరినప్పుడు సంచీ, నీళ్ళ సీసా మోయడానికి ఇంట్లో పనిచేసే ఇథియోపియా అమ్మాయిని వెంట తెచ్చింది. మూల కుర్చీలో కూర్చుని ఆ పిల్ల కింది స్వరం సన్నగా తీస్తుంటే విన్నాను. లేపి వరసలో నిలబెట్టాను. అప్పటినుంచి కింది వరస మొత్తం ఆమెను పట్టుకునే వేలాడుతోంది.

ఇవాళ పేపరు విలేకరి వచ్చాడు. ఎంతమంది, ఏయే వర్గాలవాళ్ళు అని అడిగాడు. మా ఆర్మేనియన్లు, మారోనైట్లు, ఆర్థడాక్సులు, షియాలు, సున్నీలు, ద్రూజులు, సిరియా దర్జీ. వేళ్ళమీద లెక్కపెట్టి ఇరవై రెండన్నాను. అతను వెళ్ళాక ఇన్‌ఆమ్ ఇరవై మూడని దిద్దింది. ఇన్‌ఆమ్‌కి నబ్అ పేటలో రొట్టెల పొయ్యి ఉంది. నోటికి అడ్డూ ఆపూ లేదు. రంద పిల్ల నీకు మనిషిలా కనపడలేదా అని అందరిముందూ అడిగింది. లెక్క తప్పానన్నాను. అది అబద్ధం. అసలు లెక్కలోకే తీసుకోలేదు.

అక్టోబర్ 21, ఆదివారం

డిసెంబర్ కచేరీలో మొదటి చరణం సోలో ఆ పిల్లకిచ్చాను. ప్రోగ్రామ్‌లో వేయడానికి పేరు కావాలి. రిజిస్టర్ తీశాను. ముప్పై వారాలుగా నా చేతిరాతలో 'రంద పిల్ల' అనే ఉంది.

సిగ్గేసింది. వెళ్ళి అడిగాను. పేరు త్సెహాయ్. వయసు ముప్పై నాలుగు. పిల్లేమిటి, ఇద్దరు పిల్లల తల్లి.

అక్టోబర్ 23, మంగళవారం

రంద ఫోన్ చేసింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ముందు నా ఆరోగ్యం అడిగింది, తర్వాత నా ఓపికను మెచ్చుకుంది, ఆ తర్వాత విషయానికొచ్చింది.

"మీరంటే గౌరవం కాబట్టి చెప్తున్నా టీచర్ గారూ. నేను వెనక నిలబడి, అది ముందుకెళ్ళి పాడితే, సోమవారం పొద్దున మా ఇంట్లో గిన్నెలు ఎవరు కడగాలి?"

మేం పాడుకునే హాల్ వాళ్ళ అన్నయ్యదన్న సంగతి కూడా మాటల్లో దొర్లించింది. గుర్తుచేయక్కర్లేదు. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు నేను.

సోలో తీసేయడానికి సరేనన్నాను.

అక్టోబర్ 28, ఆదివారం

రంద ఒక్కతే వచ్చింది, త్సెహాయ్ రాలేదు. కింది వరస రెండో లైనుకే కూలింది. నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు అరిచాను. ఇన్‌ఆమ్ పాట కాగితం మడిచి కుర్చీలో పెట్టింది.

"ఉప్పెయ్యడం నువ్వు మర్చిపోయి, రొట్టె బాలేదని మమ్మల్ని తిడతావేంటి టీచరమ్మా?"

ఇంటికొచ్చి వంట కూడా చేసుకోలేదు.

నవంబర్ 6, మంగళవారం

అష్రఫియేలో రంద వాళ్ళింటికి వెళ్ళాను. కరెంటు లేదు, లిఫ్టు లేదు, ఐదంతస్తులెక్కాను. రందను బతిమాలాను. బేరం కుదిరింది. సోలో రందకి, త్సెహాయ్ వెనక వరసలో నిలబడుతుంది. రంద మెత్తబడి, ఆ మాట మీరే చెప్పండి అంటూ నన్ను వంటింట్లోకి పంపింది.

శుభవార్త మోసుకెళ్తున్నట్టే వెళ్ళాను. త్సెహాయ్ బుల్లి సొరకాయల్లాంటి కూసా కాయల్లో గుజ్జు తొలుస్తోంది. అంతా విని చేతులు తుడుచుకుంది.

"ఆదివారం నా సెలవు, టీచర్. వారానికి అదొక్కటే. మార్చి నుంచి అది మీ హాల్లోనే అయిపోతోంది."

పాడటం ఇష్టం లేదా అని అడిగాను.

"ఇష్టమే. కానీ వస్తావా అని నన్నెవరు అడిగారు?"

నేను అడగలేదు. చెయ్యి పట్టుకుని లేపాను, అంతే. ఏడు నెలలు ఒక మనిషి సెలవు తిన్నాను. పైగా మనుషుల్ని కలుపుతున్నానని ఊరంతా చెప్పుకున్నాను.

ఇప్పుడు అడుగుతున్నానన్నాను. రానంది. కోపంగా కాదు. ఇంకో కాయ అందుకుంది.

ముందుగదిలోకొచ్చి రందతో, ఆదివారం ఆమెది, ఇక వెంట తేవద్దన్నాను. హాల్ పోతే పోనీ అనుకునే అన్నాను. రంద కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఇంతకీ దాన్ని పాడించాలని వెంటపడింది మీరా, నేనా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. సోలో దక్కిందిగా, హాల్ మాట మాత్రం ఎత్తలేదు.

నవంబర్ 18, ఆదివారం

రెండో స్వరం తీసేశాను. ఇక అందరిదీ ఒకే రాగం. హాయిగా పాడుతున్నారు.

డిసెంబర్ 2, ఆదివారం

నిన్న కచేరీ అయింది. రంద బాగానే పాడింది, కాదనకూడదు. జనం లేచి చప్పట్లు కొట్టారు. 'ఏడు వర్గాలు, ఒకే గొంతు' అని పేపర్లో వేశారు. అదే నా ఓటమని ఎవరితో చెప్పుకోను?

ఇన్‌ఆమ్‌కి చెప్పక్కర్లేదు. ఆ పేపర్లోనే రొట్టెలు చుట్టి చేతికిచ్చింది. త్సెహాయ్ ఆదివారాలు వాళ్ళ చర్చికి వెళ్తోందట. దారి కూడా ఇన్‌ఆమే చెప్పింది. వెళ్ళే మొహం నాకెక్కడిది?

డిసెంబర్ 9, ఆదివారం

వెళ్ళాను. చెప్పులు గుమ్మం బయట విడిచి, వెనక గోడకానుకుని నిలబడ్డాను. తెల్ల శాలువాల మధ్య త్సెహాయ్ పాడుతోంది. మా దగ్గర ఇన్నాళ్ళూ సగం గొంతుతోనే పాడిందని తెలిసింది.

నన్ను చూసింది. ఆపలేదు.