భుజం నొప్పి కాగితం

లుబ్లియానా,
1908 జూలై

నా అపొలేనాకు,

జిమ్నాస్టిక్స్ పోటీలు నిన్నటితో అయిపోయాయి. మన జట్టుకు రెండో స్థానం వచ్చింది. ఫ్రాన్సువాళ్ళూ ఇటలీవాళ్ళూ వచ్చి మనవాళ్ళ వీపులు తట్టారు. నా వీపు ఎవరూ తట్టలేదు. నేను రింగులు ముట్టుకుంటే కదా! మూడు రోజులూ తువ్వాళ్ళు మోశాను. నీ దగ్గర దాచి లాభం లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం జట్టు నాయకుడు బొహుమీర్ నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. నా భుజం పాడైందనీ, పోటీ చెయ్యలేననీ రాసి ఉంది. జట్టు పేర్లు ముందే పంపారు కాబట్టి, దెబ్బ తగిలితే తప్ప మనిషిని మార్చడానికి వీల్లేదట.

"నా భుజానికేం రోగం?" అన్నాను.

"ఏం లేదు సోదరా. వ్ర్తాల్ కొడుకు ఒటకార్‌కి నీ చోటివ్వాలి. కొత్త హాలుకి స్థలమిచ్చింది వాళ్ళ నాన్నేగా. నీ సోదరుల కోసం ఈమాత్రం చెయ్యవా?" అన్నాడు.

మన వ్యాయామ సంఘంలో అడుగుపెడితే అందరం సోదరులమే. నేను పనిచేసే ఫ్యాక్టరీకి యజమాని అయినా సరే, హాల్లో ఆ వ్ర్తాల్‌ని నేను నువ్వనే పిలుస్తాను. పన్నెండేళ్ళుగా ఆ పిలుపుకు పొంగిపోతున్నవాణ్ణి. ఆ పొంగులోనే సంతకం గీకేశాను. ఒటకార్ రింగుల మీద శిలువలా చేతులు చాచి, రెండు లెక్కపెట్టేలోపే జారిపోయాడు. నేను అయిదు దాకా కదలకుండా ఉంటానని నీకు తెలుసు. కడుపు మండిపోతోంది అపొలేనా. ఈ సంగతి ఎవరితోనూ అనకు.

నీ
వెండెలీన్

---

వెండెలీన్‌కి,

నేను అనేదేముంది, ఊరంతా అంటోంది. నీ భుజం పోయిందని సంఘం పత్రికలో వేశారు. నిన్న మీ మేస్త్రీ వచ్చి, నీ చోట ఇంకొకణ్ణి పెట్టుకున్నామని చెప్పి వెళ్ళాడు. దుంగలెత్తే పనికి పాడైన భుజం దేనికి అన్నాట్ట అయ్యగారు.

నేను ఊరుకుంటానా? నేరుగా వ్ర్తాల్ దగ్గరికే వెళ్ళాను.

"ఆ భుజం ఎవరికోసం పాడైందో మీకు తెలీదా? సోదరులు కదా మీరిద్దరూ?" అన్నాను.

"అది హాల్లోనమ్మా. ఇక్కడ కాదు," అన్నాడు నవ్వుతూనే.

నీ మంచితనం తగలెయ్య. త్వరగా వచ్చి ఆ భుజమేదో వాళ్ళ కళ్ళకే చూపించు.

అపొలేనా

---

బొహుమీర్ గారికి,

ఇలా 'గారు' పెట్టి నేను మీకు రాయడం ఇదే మొదటిసారి.

మొన్న ఆదివారం సంఘం సమావేశంలో నేను రింగులెక్కడం మీరు చూశారు. చేతులు చాచి ఏడు లెక్కపెట్టేదాకా ఉన్నాను. లెక్కపెట్టింది మీరే. దిగి, ఆ కాగితం అబద్ధమని అందరి ముందూ చెప్పాను. అది రాసింది ఎవరో మాత్రం చెప్పలేదు. మీరే లేచి చెబుతారనుకున్నాను. మీరు బూటు తాడు కట్టుకుంటూ కూర్చున్నారు.

వ్ర్తాల్ లేచి వచ్చి నన్ను కౌగలించుకున్నాడు. "శభాష్ సోదరా! రేపు పొద్దున పనిలోకి వచ్చెయ్," అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో నవ్వులే నవ్వులు.

పొద్దున్నే వెళితే మేస్త్రీ గేటు దగ్గరే ఆపేశాడు. "అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టానని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావటగా. అలాంటివాణ్ణి లోపలికి రానివ్వొద్దన్నారు అయ్యగారు," అన్నాడు. భుజం పాడైతే పని లేదు. బాగుంటే అసలే లేదు. ఇందులో నేను చెయ్యవలసింది ఏమిటో మీకేమైనా తెలిస్తే చెప్పండి.

ఇప్పుడు రైల్వే గోదాంలో బస్తాలు మోస్తున్నాను. సంఘం నుంచి నా పేరు కొట్టెయ్యండి. మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. బజార్లో కనబడితే నన్ను పేరుపెట్టి పిలవండి, ఒరేయ్ అనండి, పడతాను. సోదరా అని మాత్రం పిలవకండి. నేనైతే తల వంచుకుని వెళ్ళిపోతాను గానీ, పక్కన మా ఆవిడ ఉంటుంది.

ఇట్లు,
వెండెలీన్