ఎడమవైపు పళ్లు

గోపన్‌పల్లి నుంచి

అక్క సత్తెమ్మకు తమ్ముడు మల్లేశం దండాలు పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారనే అనుకుంటున్నాను. నాలుగు నెలలుగా నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి, అనుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు. మన కిష్టయ్య మామ రేపు మీ ఊరి మీదుగా వెళ్తున్నాడు. ఆయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. కోపం వచ్చినా చింపేయకుండా చివరిదాకా చదువు.

పని దొరికింది, ఫికరు పెట్టుకోకు. కోకాపేట వైపు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అడ్డమొచ్చిన చెట్లు కోసే పని. ఎండ మామూలుగా లేదు. పైనుంచి కొట్టేది చాలదన్నట్టు అద్దాల మేడలకు తగిలి మళ్లీ మా మీదే పడుతుంది. గదిలో నాతో ఉన్న ముగ్గురూ ఒడిశా వాళ్లు. మంచివాళ్లే, కానీ మాట కలవదు. అన్నం నేనే వండుకుంటాను. నీ చింతతొక్కు గుర్తొస్తే ముద్ద దిగదు. అయినా బాగానే ఉన్నాను.

ఇక్కడ కోసేది మిషన్ రంపంతో. గొలుసు చుట్టూ పళ్లుంటాయి, పన్ను విడిచి పన్ను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. పదునుంటే చెక్క తునకలు రాలుతాయి, మొద్దుబారితే పిండి రాలుతుంది. రంపాల ఇంట్లో పుట్టానని గొప్పలు చెప్పి పదును పెట్టే పని నేనే తీసుకున్నాను. మొదటిరోజే నాయన మూడంచుల ఆకురాయితో ముందుకూ వెనక్కూ రుద్ది ఒక గొలుసు పాడుచేశాను. దీనికి గుండ్రటి ఆకురాయి కావాలట, ముందుకు మాత్రమే తోయాలట. ఒక పన్నుకు ఎన్ని తోపులో అన్ని పళ్లకూ అన్నే.

అదీ నేర్చుకున్నాను. అయినా పోయిన వారం వేపచెట్టు కోస్తుంటే కోత వంకర తిరిగింది. మాను అనుకున్న దిక్కున పడకుండా పక్కకు ఒరిగి, తాడు పట్టుకున్న మనిషికి మూరెడు దూరంలో పడింది. మేస్త్రీ సాయిలు గొలుసు తిప్పి చూశాడు.

“కుడి పండ్లు మంచిగున్నయ్. ఎడమయి మొద్దుగున్నయ్. గిట్లుంటే కోత సక్కగెట్ల పోతది? రంపాల ఇంట్ల పుట్టిన అంటివి, మీ నాయిన గిట్లనే నేర్పిండా?”

“ఎడమ పండ్లు మా అక్క రుద్దేది” అన్నాను. అక్కడే మొద్దు మీద కూర్చుని ఏడ్చాను.

అంతవరకూ ఎన్నడూ నాకు తట్టలేదక్కా. పెద్ద రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి నాయన కూర్చునేవాడు. పక్కనే నువ్వు. ఆయన విడిచిన పన్నును నువ్వు ఎడమచేత్తో రుద్దేదానివి. నాయన రంపం దారం పట్టినట్టు కోస్తుందని ఊరంతా అనేది. అందులో సగం నీ చేయి.

ఆ చేతినే నేను పదిమందిలో పట్టి ఆపాను. నాయన దశదినకర్మ నాడు నువ్వు పప్పు వడ్డిస్తుంటే, “ఇంత వయసొచ్చినా పుర్రచెయ్యి పోలేదా?” అని గరిటె లాక్కున్నాను. చుట్టాలు నవ్వారు. నువ్వు తినకుండానే వెళ్లిపోయావు. పోతూ నాయన ఆకురాయి ఒక్కటే అడిగావు. పనిచేసేవాణ్ణి నాకు కావాలని అదీ ఇవ్వలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. తప్పు నాదే అక్కా.

ఇప్పుడు రోజూ ఎడమచేత్తో రుద్దడం నేర్చుకుంటున్నాను. మణికట్టు వాచింది, పన్నూ సరిగ్గా రావడం లేదు. ఇంత కష్టమైన పని నువ్వు పాటలు పాడుకుంటూ చేసేదానివి.

ఆకురాయి కిష్టయ్య మామతో పంపుతున్నాను. ఇక్కడ పనికిరాలేదని పంపుతున్నానని అనుకోకు. అది మొదటినుంచీ నీదే.

బావకు, మీ అత్తమ్మకు దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. తిట్టిన తర్వాతైనా సరే, నన్ను ఒకసారి దీవించు. మామ పెద్దవాడు కదా అని కుడిచేయి చాపకు అక్కా. ఆకురాయి ఎడమచేత్తోనే అందుకో. ఎవరైనా ఏమైనా అంటే, మా తమ్ముడే చెప్పిండు అను.

నీ తమ్ముడు
మల్లేశం