వెనక చెక్క లేని పటం

నాన్నకు,

నేను కిటికీ అద్దాలు తుడిచే పనిలో చేరానని చుట్టాలందరికీ చెప్పావట. డిగ్రీ చదివి గుడ్డా బకెట్టూ పట్టిందా అని పిన్ని ముక్కున వేలేసుకుందట. ఏడు నెలలుగా నేను రాసేదేమిటి, నువ్వు చదివేదేమిటి? మేం రంగు గాజు కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య సీసపు పట్టీ పెట్టి అతికి, కిటికీలకు బొమ్మలు చేస్తాం. గురువుగారిది నాలుగు తరాల పని. పువ్వులూ పిట్టలూ దాటనివ్వరు. నేను మొండికేసి వేరే బొమ్మ చేశాను. నా మొట్టమొదటిది. నీకే పంపుతున్నాను. ఏం బొమ్మో నువ్వే చెప్పాలి.

నీ అమ్మాయి

తా.క. పార్సిల్ మీద అమ్మ కూర్చోకుండా చూడు.

*

చిరంజీవి అమ్మాయికి,

పార్సిల్ క్షేమం. ముప్ఫయ్యేళ్ళుగా నేను కట్టిన పటాలన్నీ ఒక ఎత్తు, నీ బొమ్మకు కట్టిన ఫ్రేము ఒక ఎత్తు. వెనక దళసరి ప్లైచెక్క, పదహారు మేకులు, పైన బ్రౌను కాగితం. చీమ దూరదు. కొట్లో గోడకు తగిలించాను. బొమ్మ మాత్రం బొగ్గులా ఉందమ్మా. అమ్మ వంకాయంటోంది. మీ మామయ్య దేశపటం అన్నాడట. మాకు మాటల్లేవు కదా, అమ్మే చెప్పింది.

నీకు ఆఫీసు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. వచ్చెయ్.

మీ నాన్న

తా.క. గాజు కోసే నా పాత కట్టర్ ఇంకా దొరకలేదు. మామయ్యే నొక్కేశాడు. అడిగితే నవ్వాడు, అప్పట్నుంచే మాటల్లేవు.

*

నాన్నా,

ముందు ఆ ప్లై పీకెయ్! అది గోడకు కాదు, కిటికీకి. వెనక నుంచి ఎండ రావాలి. వెలుతురు కోసం నేను నెలంతా కూర్చుని చేసినదాన్ని నువ్వు పదహారు మేకులు కొట్టి మూసేశావు. ఇక్కడ పొద్దున ఎనిమిదింటికి కిటికీలోంచి ఎరుపు వచ్చి నా బల్ల మీద పడుతుంది. ఒక్కసారి నువ్వు పక్కన నిలబడితే బాగుండునని రోజూ అనుకుంటాను. ఉద్యోగం సంగతి తరవాత.

నీ అమ్మాయి

తా.క. వంకాయ కాదని అమ్మకు చెప్పు.

*

అమ్మాయికి,

ప్లై పీకాను. తెల్ల అట్ట పెట్టి, ఎదురుగా ట్యూబులైటు బిగించాను. అమ్మ ఇప్పుడు కాల్చిన వంకాయంటోంది. వెనక ఏమీ లేకుండా పటం కట్టడానికి నాకు చేతులు రావమ్మా. ఏ గిరాకీకీ అలా ఇవ్వలేదు. నీకు టికెట్ తీశాను.

మీ నాన్న

తా.క. చెక్క పీకడానికి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, అది ఊడాక వెనక వైపు నాకేసి తిప్పి ఎండకు పట్టుకున్నాను. నా చొక్కా అంతా ఎర్రబడింది. చెయ్యి కోసుకున్నాననుకుని అమ్మ దూదితో పరిగెత్తుకొచ్చింది. అప్పుడు చూశాను. అది నా చెయ్యే. బొటనవేలి గోటి చీలికతో సహా. కాని నా చీలిక కుడిచేతికి. నువ్వు ఎడమచెయ్యి వేశావు. చేతిలో కట్టర్ మాత్రం అచ్చం నా పాతదే. దాని పిడి మీద నొక్కు కూడా ఎలా గుర్తుంది నీకు?

*

నాన్నకు,

కుడిచెయ్యే. నువ్వు వెనక నుంచి చూశావు. తిప్పి, కిటికీలో పెట్టు.

మొదటి రోజు నేను గాజు కోసిన తీరు చూసి గురువుగారు, “ఎవరు నేర్పారు?” అన్నారు. మా నాన్న అన్నాను. ఇంకేమీ అడగలేదు, నా బల్ల చూపించారు. గాజు మీద గీత గీసినప్పుడల్లా మన కొట్లో చప్పుడే వస్తుంది. తలెత్తి చూస్తాను. నువ్వుండవు.

టికెట్ రద్దు చేయించు. ఒకటో తారీఖున నేను రావటం లేదు. ఇక్కడే ఉండి ఈ పనే చేస్తాను.

నీ అమ్మాయి

తా.క. మామయ్యతో మాట్లాడు. కట్టర్ నా దగ్గరుంది. ఇవ్వను.